తడి ఇసుక దారి

1962 జనవరి, ఆదివారం

చిట్టీ, నువ్వు చనిపోయాక ఈ రోజే సరుగుడు తోట దాటి సముద్రం దాకా నడిచాను. దారిలో చేపలమ్మే పోలమ్మక్క కలిసింది. నువ్వు సముద్రం చూడకుండానే పోయావని చెప్పాను.

"సముద్రం ఎనక్కి పోయినప్పుడు తడి ఇసక గట్టిగా ఉంటాదమ్మా, ఎద్దులబండే పోతాది. నీ బిడ్డ కర్రతో నడవలేకపోయేదా? ఒక్క మాట అడిగుంటే నేనే పిల్చుకోని పోయుంటా గదా!" అనింది.

ఇసుకలో కర్ర దిగబడుతుందని నీకు చెప్పేదాన్ని. అది సాకు తల్లీ. చచ్చుబడిన కాలు ఈడుస్తూ నువ్వు నడిస్తే జనం చూస్తారని నాకే సిగ్గు.

"సముద్రం ఎట్టుంటాదిమా?" అని అడిగేదానివి. "నీళ్లే గదా" అనేసేదాన్ని. నీళ్లే కాదు చిట్టీ...

నీకు ఆకలైనా నోరు తెరిచి అడగవు. ఇప్పుడు నువ్వున్న చోటైనా మొహమాటపడకుండా కడుపునిండా తిను.