రిజిస్టర్‌కెక్కని పుస్తకం

కోరుట్ల, మంగళవారం

నేను అటెండర్‌గా ఉన్న కాలేజీ లైబ్రరీకి కొత్త లైబ్రేరియన్ మేడమ్ ట్రైనింగ్ నుంచి వచ్చారు. ఐదేళ్లుగా ఎవరూ తీసుకోని పుస్తకాలు తీసేయాలని అక్కడ నేర్పారట. ఆమె తీసిన కట్టలో అరబీ మాటల పుస్తకం కనిపించింది. గల్ఫ్ వెళ్ళేవాళ్ళు కాలేజీ కార్డు లేకున్నా వచ్చి, నా బల్ల దగ్గర కూర్చుని చదివేది అదే. బయటివాళ్ళను రానిస్తున్నానని తెలుస్తుందనే భయంతో నేనెప్పుడూ రిజిస్టర్‌లో రాయలేదు.

ఉద్యోగం పోతుందేమో అనుకుంటూనే ఇవాళ మేడమ్‌కు చెప్పేశాను.

"రాయకుంటే నాకెట్ల తెలుస్తదన్నా? గిది ట్రైనింగ్‌ల ఎవ్వరు చెప్పలే," అంటూ మేడమ్ పుస్తకం నా చేతికిచ్చారు. "ఇయ్యాల్టి సంది పేర్లు రాయున్రి. ప్రిన్సిపాల్ సార్‌కు నేను చెప్త."

మధ్యాహ్నం మా పక్కనున్న ఇబ్రహీంపట్నం నుంచి ఒకతను వచ్చి ఆ పుస్తకం తెరిచాడు. పేరు అడిగితే పుస్తకం మూసేశాడు. "పేరెందుకే అన్నా? గల్ఫ్‌కు పోతున్నట్టు ఎవ్వరికి చెప్పద్దన్నడు ఏజెంటు."

పేరు గడిలో 'ఒకరు' అని రాశాను. అతను మళ్ళీ పుస్తకం తెరిచాడు. పుస్తకాన్ని ఉంచడానికి మేడమ్‌కు ఆ ఒక్క మాట చాలుతుందో లేదో...