మురిక్కాలవలో పారేసిన మాత్రలు

నర్సమ్మగారికి వందనాలు.

వంతెన కింద పడుకునేవాళ్లకు మీరు ప్రతి బుధవారం మందులిస్తారు. నా తమ్ముడికిచ్చిన రెండు డబ్బాలనూ మురిక్కాలవలో పారేసింది నేనే. ఒకటి మత్తు మానడానికి, రెండోది చెవిలో గొంతులు ఆగడానికి అని మీరు విడమరిచి చెప్పినా, మాత్రకు మొక్కేవాడు దేవుడికి మొక్కలేడని గర్జించాను. ఆదివారం నేను ప్రసంగించే ప్రార్థన సభలో, మందులు మానేసి దేవుణ్ణే నమ్ముకున్నానని వాడిచేత సాక్ష్యం కూడా చెప్పించాను.

మూడు వారాలకు గొంతులు తిరిగొచ్చాయి, వాటి వెనకే మత్తు సూది. ఇప్పుడు కాలు కుళ్లి, స్తంభం పక్కన అట్టముక్క మీద పడున్నాడు. నిన్న మీ దగ్గర అడిగి తెచ్చిన మాత్రలు చేతిలో పెట్టి, "మింగరా నాయనా" అని బతిమాలాను.

"సైతాను తిండి నాకు పెడతావా అన్నా? నువ్వే కదా చెప్పావు" అన్నాడు. నేను ఏ బైబిలు వాక్యం ఎత్తినా దాని మీద ఇంకో వాక్యం అందుకున్నాడు. అన్నీ నేను నేర్పినవే.

ఈ బుధవారం వాడికి ఈ ఉత్తరం చూపించండి. దేవుడి పేరున నేను తప్పు చెప్పానని ఇందులో ఒప్పుకుంటున్నాను. నా చేతిరాత వాడు గుర్తుపడతాడు. సైతాను మనిషి చేతిరాతను కూడా అచ్చంగా దించగలడని ఒకసారి సభలో చెప్పాను. ఆ మాటొక్కటి వాడు మరిచిపోయి ఉంటే చాలు.

వాడి అన్న