కదిలితేనే లైటు

1వ తేదీ, సోమవారం. ఉ. 11:00
స్టాఫ్ మీటింగులో ప్రకటించేశాను! మా ఫిజిక్స్ బ్లాకులో కరెంటు వాడకం నెలరోజుల్లో నాలుగో వంతు తగ్గిస్తాను. గదికో స్మార్ట్ సెన్సరు. బెంచీల్లో కదలిక ఉంటే లైట్లు, ఫ్యాన్లు పనిచేస్తాయి. పది నిమిషాలు కదలిక లేకపోతే వాటంతటవే ఆగిపోతాయి.
"తగ్గకపోతే?" అంది లెక్కల మేడమ్.
"ఉదయం ఎనిమిది గంటల క్లాసు ఏడాదంతా నాదే!"
ఆ క్లాసంటే అందరికీ హడలే. ప్రిన్సిపాల్ వెంటనే రాసుకున్నారు. మరీ అంత వెంటనే రాసుకోనక్కర్లేదు.

3వ తేదీ. సా. 6:00
సెన్సర్లు బిగించారు. ఏ గదిలో లైటు వెలుగుతోందో ఫోన్లోనే తెలుస్తుంది. మా ఆవిడకు పదకొండుసార్లు చూపించాను.
"బాగుందండీ. ముందు మన బాత్రూంలో లైటు ఆర్పి రండి," అంది.
ఇంట గెలవకపోయినా రచ్చ గెలుస్తాను.

5వ తేదీ. మ. 2:20
నా క్లాసు. అరవై మంది. పాఠం మంచి రసపట్టులో ఉండగా లైట్లు ఆరిపోయాయి. సెన్సరు లోపమే!

8వ తేదీ. మ. 3:00
మళ్ళీ ఆరాయి. రెండుసార్లు. టెక్నీషియన్ వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు.
"సెన్సరు బానే ఉంది సార్. ఎవరూ కదలట్లేదంతే," అన్నాడు, ఆవులిస్తూ.
పక్కగదిలో లెక్కల మేడమ్‌కి ఒక్కసారీ ఆరలేదట. బాధేసింది. నిజంగానే బాధేసింది.

11వ తేదీ
చేసిన ప్రయత్నాలు:
1. జోకులు చెప్పాను. ఆరాయి.
2. అయిదు నిమిషాలకోసారి అందరినీ చేతులెత్తమన్నాను. కిటికీలోంచి చూసిన ప్రిన్సిపాల్ "ఇంతమందికి సందేహాలా!" అని మురిసిపోయారు.
3. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మా అటెండరు "నాకొదిలేయండి సార్" అన్నాడు. వదిలేశాను.

12వ తేదీ
క్లాసంతా వెలుగే!! వెనక బీరువా మీద టేబుల్ ఫ్యాను కనిపించింది. పిల్లలకు ఉక్కపోస్తోందని పెట్టాడు కాబోలు.

19వ తేదీ
వెలుగే. నా బోధన మెరుగుపడింది. ఇక ఫోన్లో చూడటం దేనికి?

30వ తేదీ. సా. 4:30
మీటరు చూశారు. తగ్గలేదు. పెరిగింది!
అటెండరు ఆ ఫ్యానుకు చేతిరుమాలు కట్టాడట. అది ఊగుతుంటే మనుషులున్నారనుకుని సెన్సరు రాత్రింబవళ్ళు, సెలవుల్లో కూడా అన్నీ నడిపించింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.
"ఇన్ని రోజులా!" అని అరిచాను.
"మీ ఒక్కరి గదేనా సార్? ఆరు గదుల్లో పెట్టాను. లెక్కల మేడమ్‌కైతే మొదటిరోజే."
మొదటిరోజే! ఓడిపోయినా కడుపు నిండిపోయింది.

1వ తేదీ. ఉ. 8:00
ఎనిమిది గంటల క్లాసు. ఫ్యాన్లూ రుమాళ్ళూ తీయించేశాను. ఒక్క విద్యార్థీ రాలేదు. బోర్డు దగ్గరున్న నన్ను సెన్సరు పట్టించుకోదు కాబట్టి లైట్లు వెలగనే లేదు.

8:40
ఫోన్లో చూశాను. ఈ గది వాడకం: సున్నా!!

8:45
తీర్మానం మళ్ళీ మొదలు. ఈసారి నాలుగో వంతు కాదు, సగం! అన్ని క్లాసులూ ఎనిమిదింటికే పెట్టమని ప్రిన్సిపాల్‌ను అడుగుతాను. ముందుగా లెక్కల మేడమ్‌ది.