మిద్దెల మీదుగా పుట్టింటికి

పాతబజారు వీధి,
మార్కాపురం.

పామూరులో ఉన్న అమ్మకు, నీ కూతురు వాసవి నమస్కారాలతో రాస్తున్నది.

ఇక్కడ మేమంతా క్షేమం. ఆ మాట రాసే ముందు కలం కాస్త ఆగింది గానీ, ఆలోచిస్తే అబద్ధమేమీ కాదనిపించింది. నువ్వు, నాయన, అన్నా వదినలు బాగున్నారని తలుస్తాను. ఫోను చేద్దామంటే నీ ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది. నేను దగ్గితే వదిన వింటుంది, తుమ్మితే ఎదురింటివాళ్ళు వింటారు. అందుకే నువ్వు ఉత్తరం రాయడం నాకు నచ్చింది, నేనూ ఉత్తరమే రాస్తున్నాను. దీన్ని మాత్రం నువ్వొక్కదానివే చదువుకో.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. గోంగూర పచ్చడి జాడీ పగలకుండా చేరింది. మీ అల్లుడు మురళి అప్పుడే సగానికి తెచ్చాడు. దుకాణానికి దసరా బట్టల కోసం జనం ఇప్పుడిప్పుడే వస్తున్నారు. నీ మనవరాలు పావని ఒంగోలు హాస్టల్లో కుదురుకుంది. ఆదివారం వచ్చిందంటే ఫోను చేసి కూరల్లో ఉప్పు లేదని నా ప్రాణం తీస్తుంది. వానలకు మిద్దె కురిసిందా అన్నావు. వంటింటి మూల కొంచెం చెమ్మ దిగింది, అంతే. ముత్తాతల నాటి ఇల్లు, ఆ మాత్రం చెమట పట్టదా.

ఇక అసలు ప్రశ్న. ‘మీ వంతు దసరాతో అయిపోతుంది కదా, మీ అత్తను గిద్దలూరు పంపి నువ్వెప్పుడొస్తావు?’ అని ఒక ఉత్తరంలో రెండుసార్లు రాశావు. ఉగాది నుంచి దసరా దాకా అత్తయ్య మా ఇంట్లో, దసరా నుంచి ఉగాది దాకా గిద్దలూరులో శరత్‌చంద్ర బావగారింట్లో. ఆ ఏర్పాటు నీకు తెలిసిందే. దీనికి జవాబు ఉంది గానీ, ముందు మా వీధి సంగతి చెప్పనీ. లేకపోతే నీకు కోపం వస్తుంది.

నువ్వు ఎప్పుడొచ్చినా మా ముందుగదిలో కూర్చుని, కాఫీ తాగి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయావు. మా వీధిని కింద నుంచే చూశావు. ఆటోల మోత, సెల్‌ఫోను షాపుల పాటలు, బజ్జీల బండి పొగ. దీని నెత్తిన ఇంకో వీధి ఉందమ్మా. మా ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి కదా, మిద్దెలు కూడా ఒకదానికొకటి కలిసిపోయి ఉంటాయి. మోకాలెత్తు పిట్టగోడలు దాటుకుంటూ పోతే, కాలు కింద పెట్టకుండా వీధి ఆ కొస దాకా పోవచ్చు. ఎప్పుడో పరిచిన పలకరాయి ఎండకు బూడిదరంగులో ఉంటుంది. వాన వెలిసిందంటే నల్లగా మెరిసి ఆకాశాన్నంతా లోపలికి తీసుకుంటుంది. ఆ వేళప్పుడు నడుస్తుంటే మబ్బుల మీద అడుగులేస్తున్నట్టే ఉంటుంది. పడమట నల్లమల నీలంగా, కొంచెంసేపట్లో కరిగిపోతుందేమో అన్నట్టు ఉంటుంది. బజారు గోల కూడా అక్కడికి ఎక్కేసరికి మెత్తబడిపోతుంది. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా నాకు ఆ మిద్దెల మీద ఇప్పటికీ ఒళ్ళు తేలిపోతుంది.

వెనకటికి ఈ వీధి కోడళ్ళకు అదే దారట. కొత్తకోడలు బజారులో నడిస్తే తప్పు. మా అత్తయ్యను ఈ వీధిలోనే ఆ కొస ఇంటి నుంచి ఈ కొస ఇంటికి ఇచ్చారు. సాయంత్రం పనులయ్యాక వాళ్ళత్త కళ్ళుగప్పి మిద్దెల మీదుగా వెళ్ళి, తల్లిని చూసి, దీపాల వేళకు వచ్చేసేదట. ఆ పుట్టిల్లు ఇప్పుడు లేదు. పడగొట్టి షాపుల కాంప్లెక్సు కడుతున్నారు. పెద్ద గుంత, అందులో నిలబెట్టిన ఇనుప చువ్వలు, అంతే.

అత్తయ్య మతిమరుపు నీకు తెలుసు. శ్రావణమాసంలో ఒక సాయంత్రం ఉన్నట్టుండి కనిపించలేదు. నేను ఇల్లంతా వెతికాను. మురళి దుకాణం వదిలేసి గుడి దాకా పరుగెత్తాడు. నేను మిద్దెక్కి చూస్తుంటే, ఆ చివర నుంచి కేథరిన్ చేయి ఊపింది. గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు, వీధి కొసన మిగిలిన ఆఖరి ఇంట్లో అద్దెకుంటుంది.

“కంగారుపడొద్దక్కా, మీ అత్తమ్మ మా ఇంట్లోనే ఉంది. మెట్లు దిగి వచ్చి నన్ను అమ్మా అంటా ఉంది. బెల్లం ముక్క పెట్టినా, తింటా ఉంది” అంది.

ఆఖరి మెట్లు కేథరిన్‌వే కాబట్టి అత్తయ్య అక్కడ దిగిపోయింది. ఇంకొక్క పిట్టగోడ దాటి ఉంటే ఆ చువ్వల గుంతే. మురళి ఆ రోజే మిద్దె తలుపుకు తాళం వేశాడు. అత్తయ్య ఆ తలుపు దగ్గరే కూర్చుంది. అన్నం ముట్టలేదు. “మా అమ్మ ఎదురుచూస్తా ఉంటాది, తలుపు తీయండి” అని నన్ను బతిమాలింది. నన్ను, నీ కూతుర్ని, బతిమాలిందమ్మా. ఏడాదికొకసారి పామూరు పోతానంటే “ఇల్లెవరు చూస్తారే?” అని నా పెట్టె దించించిన మనిషి. నాకు మొదట నవ్వొచ్చింది, నిజం చెప్తున్నాను. తర్వాత నా చేతులతో నేనే తాళం తీశాను. మురళి గుంతవైపు మనిషెత్తు రేకులు కట్టించాడు. అప్పటి నుంచి సాయంత్రం పూట అత్తయ్య పుట్టింటికి పోతుంది, నేను వెనకాల పోతాను.

ఒక సంగతి వదినకు తెలియనివ్వకు. మొదటిరోజు తిరిగి వచ్చేటప్పుడు అత్తయ్య కేథరిన్ ముందు నుదురు చూపించి, “బొట్టు పెట్టమ్మా, పోయొస్తా” అంది. ఆడబిడ్డను బొట్టు పెట్టకుండా పుట్టింటి నుంచి ఎవరు పంపుతారు? కానీ మామయ్య పోయినప్పటి నుంచి ఆ నుదురు బోసిగా ఉంది. కేథరిన్ ఇంట్లో కుంకుమే ఉండదు. ఉత్త వేలితో నుదురు తాకింది. అత్తయ్య తడుముకుని, వేలు చూసుకుని, దారిపొడవునా తల దించుకునే వచ్చింది. మర్నాడు నా కుంకుమభరిణె నేనే తీసుకెళ్ళాను.

“నాకేముందక్కా, పెట్టేది తల్లి, పెట్టించుకునేది బిడ్డ” అంది కేథరిన్.

ఆ బొట్టుతో వస్తుంటే నడిమింటి సంధ్యారాణి పిన్ని ఎండుమిరపకాయలు ఎత్తుకుంటూ తలెత్తి చూసింది. పిన్ని నోరు నీకు తెలియదు, ఒక్క మాట అంటే వీధి వీధంతా తిరిగొస్తుంది. ఇంక అయిపోయిందనుకున్నాను. ఆమె తన జడలోని మల్లెచెండు తుంచి అత్తయ్య కొప్పులో పెట్టి, “దీపాల వేళయింది నాగమణీ, తొందరగా పో. మీ అత్త చూస్తాది” అంది. అత్తయ్య నిజంగానే కొంగు సర్దుకుని పరుగులాంటి నడక నడిచింది.

ఇక మొన్న మంగళవారం సంగతి. మేము కేథరిన్ ఇంట్లో ఉండగానే వాన పట్టుకుంది. ముగ్గురం వసారాలో టీ తాగుతూ కూర్చున్నాం. అత్తయ్య నన్నే చూస్తూ, “నీది ఏ ఊరు పాపా?” అంది.

“పామూరు.”

“ఈ వీధికే ఇచ్చినారా నిన్ను? మీ అత్త ఎట్ల చూసుకుంటాది?”

కేథరిన్ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. దాటేయలేకపోయాను. “మాట కరుకు. నన్ను పుట్టింటికి పంపేది కాదు. మొదటి కాన్పుకు కూడా ఎనిమిదో నెల నిండేదాకా పంపలేదు” అన్నాను. ఇరవై ఏళ్ళలో ఎవరితోనూ అనని మాట, నీతో కూడా. ‘దుకాణంలో పని ఎక్కువగా ఉందమ్మా, నేనే రాలేదు’ అని నీకు చెప్పినవన్నీ అబద్ధాలే.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. ఎముకలు తప్ప ఏమీ లేని చెయ్యి, అయినా గట్టిగానే పట్టుకుంది.

“మా అత్త కూడా అంతే. ఏడవద్దు. నువ్వు కూడా ఈ మిద్దెల మీదనే వచ్చెయ్యి, మా అమ్మ నిన్ను కూడా చూసుకుంటాది. మీ అమ్మకు మాత్రం చెప్పొద్దు పాపా. దూరానుండే తల్లి. తెలిస్తే అన్నం తినదు.”

నేను ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఎవరి మీద కోపంతో ఇన్నేళ్ళు ఉన్నానో, ఆమె ఒళ్ళోనే. వాన తగ్గేదాకా ఆమె నా వీపు నిమురుతూనే ఉంది.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. శుక్రవారం బావగారు కారు తెస్తామన్నారు. నేను ఫోను చేసి తేవద్దన్నాను. గిద్దలూరులో వాళ్ళది మూడో అంతస్తు. తోడికోడలు అరుణక్క ఉదయం స్కూలుకు పోతే సాయంత్రానికి గానీ రాదు. బయట తాళం వేయక తప్పదు, అది ఆమె తప్పు కాదు. ఆ తలుపు దగ్గర కూర్చుని అత్తయ్య ఎవరిని బతిమాలుతుంది? బావగారు, “రేపు మోయలేనని నువ్వే అంటావు” అన్నారు. అనొచ్చు. మురళి, “నువ్వు నన్ను అడగలేదు వాసవీ” అన్నాడు. అడగలేదు. అడిగితే వద్దంటాడేమోనని భయపడ్డాను. అందుకు కోపంగా ఉన్నాడో, సంతోషంగా ఉన్నాడో ఇంకా తెలియదు. కానీ నిన్న దుకాణం ముందుగా కట్టేసి వచ్చి, తల్లి చెయ్యి పట్టుకుని పిట్టగోడలు దాటించాడు.

అందువల్ల దసరాకు నేను రావడం లేదు. ఉగాదికి కూడా చెప్పలేను. ఈ దారి అత్తయ్యకు ఎన్నాళ్ళు గుర్తుంటుందో తెలియదు. గుర్తున్నంతకాలం నేను ఇక్కడే ఉండాలి. నా కోసం మంచం వేసి, గదికి సున్నం కొట్టించి ఉంటావు. నాకు తెలుసు. తిట్టాలనుకుంటే తిట్టు.

కూతురింట్లో రాత్రి ఉండకూడదని నువ్వు ఇన్నేళ్ళూ పట్టు పట్టావు. మన ఇళ్ళలో ఎవరూ ఉండరు, కాదనను. కానీ కుంకుమ పెట్టని ఇంట్లో కుంకుమ పెట్టారు, పెట్టకూడని నుదుటికి పెట్టారు. ఆకాశం విరిగి మీద పడలేదు. వీధి వీధంతా చూసి ఊరుకుంది. నువ్వు పది రాత్రులు ఉంటే ఏమవుతుంది?

అత్తయ్య చెప్పొద్దన్నవన్నీ నీకు చెప్పేశాను. నువ్వు అన్నం మానేసి కూర్చోవద్దు. తిని, బస్సెక్కి రా అమ్మా. రోజూ ఒకరిని పుట్టింటికి తీసుకుపోతున్నాను. నాకూ పోవాలని ఉంది.

ఇట్లు,
నీకు ఇన్నాళ్ళూ నిజం చెప్పని
నీ కూతురు
వాసవి