బయమ్మత్త తెల్లజుట్టు ఫ్లెక్సీ

చిరంజీవి ఓబులేషుకు మేనత్త బయమ్మ దీవించి రాసేది.

ఈడ అందరం బాగుండాము, వాన ఒక్కటే లేదు. ఫోనులో అయితే మీ నాగన్న మామ పక్కనే కూచోని వింటాడు, అందుకే ఉత్తరం.

మా ఊరి తిరుపాలమ్మ పోయింది కదా. దానికి బస్టాపులో కట్టిన ఫ్లెక్సీలో ముప్పై ఏండ్ల కిందటి ఫోటో వేసినారు. నడుము దాకా నల్ల జడ. గుంతకల్లు నుంచి చూసేదానికి వచ్చిన దాని వియ్యంపురాలు, ఆ ఫోటో చూసి ఎవరో చిన్నపిల్ల పోయిందనుకోని, ఈడ దిగకుండా పక్క ఊర్లో బస్సు దిగింది.

నాకొక మంచి ఫోటో కావాల. చూసినోళ్లు "ఇది బయమ్మే" అనాల. ఇరవై ఏండ్లుగా రంగు పూస్తాండా, ఇంక చాలు. కుడి చెయ్యి పైకి లేయదు, జడ వేసుకునేదానికి కాలేదు. అనంతపురంలో సెలూన్ పెట్టినావు కదా, నా ముఖానికి కురచ జుట్టు ఎట్ల ఉంటే బాగుంటాదో రాయి.

ఇట్లు, నీ అత్త.

తా.క. ఉగాదిలోపలే కావాల. దాటితే నాకు పనికి రాదు.

*

మహారాజశ్రీ మేనత్త గారి పాదాలకు, బీకాం పట్టా పుచ్చుకొని కత్తెర పట్టిన ఓబులేష్ విన్నవించునది.

మీ ఉత్తరం గురించి షాపు మూసి ఆలోచించితిని. తెరిచినా ఎవరూ రాలేదు. నీది పొడుగు ముఖం, ఈమధ్య బుగ్గలు లోపలికి పోయినాయి. నెత్తిన ఎత్తుగా ఉంటే ముఖం ఇంకా పొడుగైతాది. కాబట్టి చెవుల దగ్గర నిండుగా, మెడ మీద కురచగా, నుదుట పక్కకు వాలేట్లు కోస్తా. రంగున్న కొసలన్నీ తీసేస్తా. సగం ఎరుపు, సగం తెలుపు అయితే అప్పుల్లో ఉన్నట్లు కనపడతారు. పూర్తిగా తెలుపైతే పెద్దరికం.

ఉగాదికి నీకు అరవై నిండుతాయి, ఈ సోకు అందుకేనని కనిపెట్టితిని. మామకు చెప్పను.

ఇట్లు, నీ విధేయుడు.

తా.క. చెయ్యి లేయకపోవడం ఇరవై ఏండ్లు రంగు పూసిన పాపమే.

*

చిరంజీవి ఓబులేషుకు,

మొన్న ఆసుపత్రికి వచ్చి, నీ దగ్గర జుట్టు కోయించుకోని ఊరికి పోతే మా పక్కింటి మారెక్క ఏమన్నదో తెలుసా? "ఏ దేవునికి మొక్కితివే? సగమే ఇచ్చినావు, దేవుని దగ్గర కూడా పిసినారితనమా?" మీ మామ రెండు దినాలు నా నెత్తి దిక్కే చూస్తా తిరిగినాడు. మూడో దినం "మా అమ్మ మాదిరి ఉండావు" అన్నాడు. ఆయప్పకి అంతకన్నా పొగిడేది రాదు.

కోసిన జడకు, వెంట్రుకలు కొనే సామాన్లాయన స్టీలు గిన్నె ఇచ్చినాడు. అన్నం దిగడంలేదు గాని గిన్నె బాగుండాది.

నువ్వు తీసిన ఫోటో ఫ్లెక్సీ వాళ్ల దగ్గర పెట్టి ఉంచు.

ఇట్లు, అత్త.

తా.క. రాత ఇప్పుడే వేయనీయొద్దు.

*

పూజ్యురాలైన అత్తకు,

ఆగలేకపోతిని. "అరవై వసంతాల బయమ్మ గారికి జన్మదిన శుభాకాంక్షలు" అని ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ చేయించి, మీ బస్టాపులో కట్టించితిని. ఫ్లెక్సీ షాపువాడు మొదట నీ జుట్టు నల్లగా చేసేసినాడు. "ఆడోళ్లందరికీ ఉచితంగా చేస్తామన్నా" అంటాడు. గంటసేపు కొట్లాడి మళ్లీ తెలుపు చేయించినా. కింద మూలలో, నల్ల కళ్లద్దాలతో, "మీ అభిమాని" నేనే.

ఇట్లు, అభిమాని.

తా.క. కేకు మీద వయసు వేయాలా, దాచాలా?

*

చిరంజీవి ఓబులేషుకు,

ఫ్లెక్సీ చూసినా. బస్సు దిగినోళ్లు నేరుగా మా ఇంటికే వస్తాండారు. గుంతకల్లు ఆయమ్మ కూడా ఈసారి సరిగ్గా దిగింది. ఎట్లయినా వచ్చేవాళ్లే కదా, ముందే వచ్చినారు. నేను కూడా వాళ్లను కండ్లారా చూసినా.

చెయ్యి లేయనిది రంగుతో కాదు నాయనా. రొమ్ములో గడ్డ, చంక దాకా పాకింది. నీకు తొలి ఉత్తరం రాసేదానికి ముందే, మీ మామ మందుల చీటీ తీసుకోని పోయినప్పుడు, ఉగాది దాటేది కష్టమని డాక్టరమ్మ నాకే చెప్పింది. ఆయప్పకి ఇంకా తెలీదు. నీ ఫ్లెక్సీ నమ్మి, అరవై నిండుతాయని కొత్త చీర తెచ్చేదానికి పోయినాడు. నాకు యాభై ఏడే. పోనీలే, ఆ మూడేండ్లు నీ ఫ్లెక్సీలో బతికినా.

దాన్ని పీకొద్దు. పై వరుస ఒక్కటే మార్చు. జుట్టు ముట్టుకోనీయొద్దు.

ఇట్లు, నీ బయమ్మత్త.

తా.క. మూలలో నీ నల్ల కళ్లద్దాలు అట్లనే ఉండనీ. ఆ దినం నీకు పనికొస్తాయి.