ఫెలేతి అన్నయ్య జబ్బు పేరు

నెయాఫు,
14 ఆగస్టు 2018

తమ్ముడు సెమిసికి,

అక్క లోసేలి దీవించి రాసేది. ఇక్కడ అందరం ప్రాణాలతో ఉన్నాం. అక్కడ హాపాయి దీవుల్లో నువ్వూ, మీ ఆవిడా, పిల్లలూ చల్లగా ఉన్నారనుకుంటాను. రెండేళ్ల తర్వాత రాస్తున్నాను. చించెయ్యకుండా చివరిదాకా చదువు.

ఒంట్లో ఓపిక లేదురా. దీవి దీవికీ పడవలో తిరిగి, చర్చి హాళ్లలో ఆడవాళ్లను కూర్చోబెట్టి మనసుకు వచ్చే జబ్బుల గురించి చెప్పడం ఇప్పుడు నా పని. నిన్నటిది పదకొండో ఊరు. వాళ్లు మొగలి చాపలు అల్లుకుంటూ వింటారు. రెండు వారాలైనా తిండి రుచించక, దేనిమీదా ఆశ లేక మంచం దిగని మనిషిది బద్ధకం కాదు, కుంగుబాటు అంటాను. రోజుల తరబడి నిద్ర లేకుండా, అలుపు లేకుండా, గొప్పలు చెబుతూ ఇంట్లోవన్నీ పంచిపెట్టేవాడిది హుషారు కాదు, అదీ జబ్బే. ఊరికే గుండె దడదడలాడి ఊపిరాడకపోతే ఆందోళన. చేతులు పుళ్లు పడేదాకా కడిగేవాళ్లు మానలేకే కడుగుతారు. ఎవరికీ వినపడని గొంతులు వినేవాడికి దయ్యం పట్టలేదు, మందు ఉంది అంటాను.

నిన్న, మన ఊరి నుంచి అక్కడికి కోడలిగా వెళ్లిన ముసలి వీకా అల్లిక ఆపి, "అన్నీ గడగడా చెప్పావు గానీ, మరి మీ ఫెలేతిది ఇందులో ఏదే?" అంది. నవ్వబోయినవాళ్లు నా మొహం చూసి ఆగిపోయారు. "చివరిది, పిన్నీ" అన్నాను. పదకొండు ఊళ్లలో ఆ మాట అనడం అదే మొదలు.

నువ్వు ఊరు వదిలిన ఏడు అన్నయ్య స్నానం మానేశాడు. నేను వండిన పెండలంలో విషం కలిపానన్నాడు. తోటలో ఒక్కడే ఎవరితోనో వాదులాడేవాడు. పెద్దల ముందు నువ్వే, "అన్నయ్యకు బాగోలేదు, పెద్దాసుపత్రికి తీసుకెళదాం" అన్నావు. "నర్సుని నేనా, నువ్వా? నాన్న ఇద్దరికీ వదిలిన పడవ నువ్వొక్కడివే లాక్కుని అన్నయ్యకు బెంగ పెట్టిందే నువ్వు" అని నీ నోరు మూయించాను. మనలో అక్క మాటకు ఎదురెవరు చెబుతారు? తల వంచుకుని ఊరే వదిలేశావు. ఆర్నెల్లకు, గొంతులు రమ్మన్నాయని అన్నయ్య సముద్రంలోకి నడిచాడు. జాలర్లు చూసి ఒడ్డుకు లాగారు. అప్పటిదాకా నాకు తెలియలేదు, తమ్ముడూ. సొంత ఇంట్లోవాళ్లంటే కళ్లు మూసుకుపోతాయి.

ఇప్పుడు నెలకో సూది వేస్తున్నాను. నోరు ఎండుతోందనీ, మగతగా ఉందనీ గొణుగుతాడు గానీ తింటున్నాడు, తోట తవ్వుతున్నాడు. గొంతులు ఇంకా ఉన్నాయట, దూరంగా. మొన్న, "సెమిసి ఎందుకు రాడు? నేనేమైనా అన్నానా?" అని అడిగాడు. శుక్రవారం ఓడ ఉంది. రా.

అలసిపోయిన నీ అక్క,
లోసేలి

తా.క. నాకు తెలియలేదని పైన రాశాను. అబద్ధం. నువ్వు పెద్దలతో చెప్పడానికి నెల ముందే అన్నయ్య నా క్లినిక్కుకు వచ్చి, తలుపు దగ్గరగా వేసి, "లోసేలీ, నా తలలో ఎవరో మాట్లాడుతున్నారు. నువ్వు నర్సువి కదా, ఇదేంటో చెప్పు" అన్నాడు. ఆ క్షణమే నాకు తెలిసిపోయింది. మనది పిచ్చోళ్ల ఇల్లు అంటారని భయపడ్డాను. "ఏమీ లేదు, నిద్ర చాలక" అన్నాను. హమ్మయ్య అని నవ్వి, నా మాట నమ్మి ఇంటికి వెళ్లిపోయాడు.