కుడి మోకాలు, రెండు దేశాలు

పెద్దకోడలు అక్కయ్య గారికి చిన్నకోడలు నమస్కరించి రాస్తున్నది. నా కుడి మోకాలు తప్ప ఇక్కడ అందరం క్షేమం. మీ కుడి మోకాలు తప్ప అక్కడా అందరూ క్షేమమే అనుకుంటాను.

మన అత్తగారి కొడుకులిద్దరూ చెరో దేశంలో స్థిరపడినా మన మోకాళ్ళు మాత్రం ఒకే ఏడాది అరిగాయి చూశారా! మీకు చెప్పినట్టే నాకూ కొత్త కీలు వెయ్యాల్సిందేనన్నాడు డాక్టరు. ఫోన్ చేసిన మర్నాడే చూశాడండీ. మధ్యాహ్నానికల్లా స్కానింగు. అసలు అది ఆస్పత్రా! గదిలో మీట నొక్కితే పరదా దానంతటదే పక్కకు జరుగుతుంది. నేను ఆరుసార్లు నొక్కాను. మిగతాదంతా బీమా కంపెనీ చూసుకుంటుంది. మనం పెట్టాల్సింది ఒక్క సంతకం.

మీ దేశంలో వైద్యం ఊరికేనట కదా. ఊరికే వచ్చేచోట వరస ఎంత పొడుగో పాపం. ఆ వరసలో నిలబడ్డానికైనా మోకాలుండాలి కదా అని మీ గురించి బెంగపడ్డాను.

ఇట్లు,
మీ చెల్లాయి

తా.క. ఆ పరదా చూడ్డానికి ఇంకోసారి వెళ్దామంటున్నారు మా ఆయన. ఆయనకు నొప్పేం లేదు.

*

చిరంజీవి చెల్లాయిని దీవించి అక్కయ్య రాయునది.

నీ ఉత్తరం అందింది. కుట్టుమిషను మీద పెట్టుకుని రెండుసార్లు చదివాను, కళ్ళజోడు వెతికి తెచ్చుకుని మూడోసారి చదివాను.

మా ఆస్పత్రిలో డబ్బు కట్టే కిటికీయే లేదు. అనుమానమొచ్చి వెతికాను కూడా. మొన్న నర్సమ్మ ఇంటికే వచ్చి మెట్లు కొలుచుకుని, స్నానాలగదిలో నేను పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళింది. వరస అంటావా, నువ్వు బెంగపడేంత లేదులే. నా పేరు పైనే ఉంది. రేపో మాపో పిలుస్తారు. పరదా మేం చేత్తోనే జరుపుకుంటాం. నొప్పి మోకాలికే, చేతులకేం రాలేదు.

ఇట్లు,
అక్కయ్య

తా.క. ఒక్క సంతకమేనన్నావు. మరిది ఫోన్లో పద్ధెనిమిది కాగితాలన్నాడేమిటి? లైను బాగాలేదేమో.

*

అక్కయ్య గారికి నమస్కారాలు.

మీ మరిదికి లెక్కలు రావని మీకు తెలియనిదేముంది!

శుభవార్త. పోయిన మంగళవారం నాకు ఆపరేషన్ అయిపోయింది. అప్పుడే స్కూలుకు వెళ్తున్నాను. మా లైబ్రరీలో నిచ్చెనెక్కి పై అరలో పుస్తకాలు దించుతుంటే హెడ్మాస్టరుగారు కిందనుంచి చూసి, "అమ్మా, ఇక చాలు, దిగండి" అని బతిమాలారు.

ఇంటికొచ్చి కడ్డీ బిగించారని రాశారు. ఆ ముక్క చదివాక రెండు పూటలు నాకు అన్నం సయించలేదు. మందుల వేడి అయ్యుంటుంది.

ఇట్లు,
మీ చెల్లాయి

తా.క. మీ మోకాళ్ళ డాక్టరుగారి పేరేమిటి, ఏ ఆస్పత్రి? ఊరికే, తెలుసుకుందామని.

*

చిరంజీవి చెల్లాయికి ఆశీస్సులు.

నీకు మంగళవారం అయిందా? నాకు సోమవారమే అయింది. నువ్వు చిన్నబుచ్చుకుంటావని రాయలేదు. రోజుకు ఎనిమిది చొక్కాలు కుడుతున్నాను. సాయంత్రం నడకకు వెళ్తే మీ బావగారు నన్ను అందుకోలేక వెనకాల ఎక్కడో అరుస్తుంటారు. ఆయన కేకలు వినపడనంత దూరం వెళ్ళాక, జాలేసి ఆగుతాను.

డాక్టరుగారి పేరు, ఆస్పత్రి చిరునామా వేరే కాగితం మీద రాశాను.

ఇట్లు,
అక్కయ్య

తా.క. మీ బీమా కంపెనీ చిరునామా నువ్వూ పంపు. ఊరికే.

*

అక్కయ్య గారికి,

ఈసారి క్షేమమని రాయలేను.

నాకు ఆపరేషన్ కాలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు రాశాను. ఏడు నెలలుగా కంపెనీ వాళ్ళు కాగితం మీద కాగితం అడుగుతూనే ఉన్నారు. నా నొప్పి నిజమేనని రుజువు కావాలట! పద్ధెనిమిది కాదు, ఇరవైమూడు కాగితాలు పంపాను. చివరికి ఎలాగో ఒప్పుకుని గురువారానికి తేదీ ఇచ్చారు. మంగళవారం వాళ్ళ ఉత్తరం వచ్చింది. "మీ ఆపరేషన్ విజయవంతమైందని విదేశంలో ఉన్న మీ బంధువు రాశారు. చాలా సంతోషం. మీ ఫైలు మూసేశాం."

ఆ బంధువు రాసిన ఉత్తరం నకలు కూడా జత చేశారు. మీ గుండ్రటి అక్షరాలు, కింద మీ సంతకం.

నిచ్చెన సంగతి దేవుడెరుగు, నేను కింది అరలో పుస్తకం కూడా వంగి తియ్యలేకపోతున్నానండీ. నెలాఖరు దాకా చూసి వేరే మనిషిని పెట్టుకుంటానన్నారు హెడ్మాస్టరుగారు. మీకు నేనేం అపకారం చేశాను? ఎందుకు రాశారు?

చెల్లాయి

తా.క. ఆ చిరునామా నా చేత్తో నేనే రాసిచ్చాను. నా కడుపుమంట అదే.

*

చెల్లాయికి,

అవును, నేనే రాశాను. కుళ్ళుతో రాశాను. "మా తోడికోడలికి ఇంత చప్పున చేశారు, అప్పుడే నిచ్చెనలెక్కుతోంది, మా దేశంలో కూడా మీ కంపెనీ పెట్టకూడదా?" అని అడిగాను. నీ కీడు కోరి కాదే. నీకున్నది నాకూ కావాలని.

ఎందుకంటే నాకూ ఆపరేషన్ కాలేదు. పధ్నాలుగు నెలలుగా వరసలో ఉన్నాను. నాలుగువందల పన్నెండో నంబరు అరుగుతూ అరుగుతూ తొమ్మిదికి వచ్చింది. ఈలోపల ఎడంకాలితో మిషను తొక్కుతుంటే కుట్లు వంకర పోతున్నాయి. ఎనిమిది చొక్కాలు కాదు, రోజుకు ఒక్కటి. అదీ విప్పి మళ్ళీ కుడుతున్నాను.

పోయిన వారం ఆస్పత్రికి ఫోన్ చేస్తే నా పేరే లేదన్నారు. "మీకు కీలు వేసినందుకు విదేశం నుంచి మీ చెల్లెలు పెద్ద డాక్టరుగారికి థాంక్స్ రాశారు కదమ్మా. పై దేశం వాళ్ళకు కూడా చేస్తారా అని అడిగారు" అంది ఆ అమ్మాయి. మూడు రోజులు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. నాలుగో రోజు నీ ఉత్తరం వచ్చింది. తిట్లన్నీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పొరుగింటి పుల్లకూర కోసం మన పొయ్యి మనమే ఆర్పుకున్నాం. దొందూ దొందే.

రాసిన మనిషే తప్పని రాసిస్తే పాత నంబరు ఇస్తారట ఇక్కడ. మీ కంపెనీ కూడా ఒప్పుకోవచ్చు. ముందు నువ్వు రాస్తే తర్వాత నేను రాద్దామని పంతం పట్టి ఒక పూట కూర్చున్నాను. తర్వాత నీ నెలాఖరు గుర్తొచ్చింది. "నా తోడికోడలు గొప్పలు పోయింది, నేను నమ్మాను, దాని మోకాలు నిజంగానే పాడైంది" అని రాసి నిన్ననే పోస్టులో వేశాను. నువ్వూ మా ఆస్పత్రికి రాయి. అబద్ధాలకోరు అన్న మాట ఒక్కసారి వాడితే చాలు.

ఇట్లు,
అక్కయ్య

తా.క. తేదీ ముందు నీకే వస్తే దాచకుండా వెంటనే రాయి. పొద్దున్న చదివి మధ్యాహ్నం దాకా ఏడుస్తాను. సాయంత్రానికి సంతోషిస్తాను.